నేనెవల్నో చెప్పు

తొమ్మిదింటికి ప్రార్థన అయిపోతుందని గేటు దగ్గర కాపలా కూర్చున్న ఏసమ్మ చెప్పింది, గోడ మీద గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది, లోపల పాట ఇంకా సాగుతూనే ఉంది, దేవుడి దగ్గర కూడా ఫైలు టైముకు తెమలదన్నమాట అనుకుంటూ సారంగపాణి బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాడు. జరగడం ఎందుకంటే ఆ ముసలామెకూ తనకూ మధ్య ఒక మనిషి కూర్చునేంత ఖాళీ ఉండాలి. బస్సులో తెలియని ఆడమనిషి పక్కన కూర్చోవాల్సి వస్తే మర్యాదస్తుడు వదిలేంత ఖాళీ. మడికొండ దాటాక బస్సు దిగినప్పటి నుంచీ ఆ ఖాళీని అతను జాగ్రత్తగా మోసుకొస్తున్నాడు. ముసలామె పేరు మొగిలమ్మ. అతన్ని కన్నది ఆమే. ఈ వరండాలో ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే, ఆమెను కూడా కలిపి లెక్కేసినా ఒక్కడే.

ఈ ఆశ్రమంలో దిక్కులేని వాళ్ళను మాత్రమే పెట్టుకుంటారు. అది రూలు. కొడుకులూ కోడళ్ళూ ఉన్నవాళ్ళకు ఇక్కడ చోటు లేదు, ఎందుకంటే వాళ్ళకు కొడుకులూ కోడళ్ళూ ఉన్నారు. రూలంటే ఇలా ఉండాలి, నీటిపారుదల శాఖలో పద్దెనిమిదేళ్ళు పనిచేసినవాడిగా సారంగపాణి దాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. అందుకని ఉపాయం చెప్పింది పక్క సీటు వెంకట్రాజం. వెంకట్రాజం డ్రాఫ్టులు బాగా రాస్తాడు. "కాజీపేట స్టేషన్ల కనపడ్డదను. మూడు దినాలాయె, పాపమని ఇంట్ల పెట్టుకున్ననను. నీ పేరు చెప్పకు, మన అటెండరు మొండయ్య పేరు చెప్పు, ఆడు ఎట్లాగు ఏం అనుకోడు. జర మొఖం పాపం పెట్టు, గంతే. ఫికర్ చెయ్యకు." మొఖం పాపం పెట్టడం ఎలాగో బస్సులో కిటికీ అద్దంలో రెండుసార్లు చూసుకున్నాడు. పెద్దగా పెట్టాల్సిన పని లేదు. రెండేళ్ళుగా అదే మొఖం.

ఆమె వేళ్ళు ఒడిలో ఆడుతున్నాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి దేన్నో లాగి, పక్కన వేసి, మళ్ళీ లాగి. పత్తి ఏరుతోంది. తొర్రూరు దగ్గర ఊళ్ళో ఆమె నలభై ఏళ్ళు ఏరిన పత్తి, ఇంకా అయిపోలేదు. దుప్పటి మీద ఏరుతుంది, మనవరాలు పాప గౌను మీద ఏరుతుంది, ఒకసారి వెంకట్రాజం స్వెట్టరు మీద ఏరబోతే అతను ఆశీర్వాదం అనుకుని తల వంచాడు. వెంకట్రాజం పోయిన ఏడు చూడటానికి వచ్చాడు కదా, బ్రెడ్డు ప్యాకెట్టు తీసుకుని. అందరూ బ్రెడ్డు ప్యాకెట్టే తెస్తారు, తెచ్చి, కుర్చీ ముందుకు లాక్కుని, చెవిటిదానితో మాట్లాడినట్టు గొంతు పెంచి, "అవ్వా, నేనెవల్నో చెప్పు?" అంటారు. ఇంటికి వచ్చిన ప్రతివాడూ పరీక్ష పెడతాడు. వాకిట్లో చెప్పులు విడిచినప్పుడే ప్రశ్నపత్రం తీసి జేబులో పెట్టుకుంటారు. గుర్తుపడితే, చూసిన్రా, నన్ను పట్టింది, అని మిగతావాళ్ళ వైపు గర్వంగా చూస్తారు. పట్టకపోతే అలుగుతారు. అక్క చిలుకమ్మ అలాగే అలిగింది. తొర్రూరు నుంచి వచ్చి, "అవ్వా, నేనెవల్నే?" అంటే, ఆమె చాలాసేపు చూసి, "పాలామెవా?" అంది. అక్క ఆ రోజు ఏడ్చిన ఏడుపుకు వీధి వీధంతా వచ్చింది. తల్లి మతి పోయిందని కాదు, తనను పాలమ్మేదనుకుందని. సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది, వెళ్తూ సారంగపాణి భార్య విజయలక్ష్మికి, అవ్వ తలకు రోజూ బ్రాహ్మీ నూనె పెట్టమని చెప్పింది, మళ్ళీ రాలేదు. జీవితంలో ఆమెను ఎన్నడూ చూడని వెంకట్రాజం కూడా అడిగాడు, నేనెవల్నో చెప్పు అని. "మా పెద్దన్నవు గాదు?" అంది ఆమె. మొదటి ర్యాంకు వచ్చినట్టు వారం రోజులు ఆఫీసులో చెప్పుకు తిరిగాడు.

పరీక్ష పెట్టనిది పాప ఒక్కతే. దానికి ఏడేళ్ళు, ఎవరూ నేర్పలేదు. దగ్గరికి పోగానే, "బాపమ్మా, నేను పాపను, బడికెళ్ళి వచ్చిన" అని జవాబు తనే చెప్పేస్తుంది. ఓ, గట్లనా, దా, అంటుంది ఆమె. రోజుకు ఆరుసార్లు పరిచయం, ఆరుసార్లూ సంతోషమే. సారంగపాణి కూడా అలా చెయ్యాలని ఒకసారి చూశాడు. "అవ్వా, నేను సారంగపాణిని." ఆమె నవ్వింది, పళ్ళు లేని నోరంతా తెరిచి. "మావోడు గింత సన్నగుంటడు," అని చిటికెనవేలు చూపించింది. మావోడు హనుమకొండ హాస్టల్లో చదువుతున్నాడట, రేకు పెట్టె పట్టుకుని పోయాడట. అప్పటి నుంచి అతను చెప్పలేదు. అడగలేదు కూడా. తను మిగతావాళ్ళలాంటివాణ్ణి కాదని, అడగననీ, అది తన మర్యాద అనీ అనుకునేవాడు. ఫెయిలవుతానని తెలిసిన పరీక్షకు ఫీజు కట్టకపోవడాన్ని మర్యాద అనడం అతనికి ఇంటర్ నుంచీ అలవాటే.

లోపల పాట ఆగింది. మళ్ళీ ఎత్తుకున్నారు. వరండా చివర ఇద్దరు ముసలాళ్ళు చింతపండు గింజలు తీస్తున్నారు, ఫినాయిల్ వాసనా చింతపండు వాసనా కలిసి, అచ్చం పెద్ద దవాఖానలో పొద్దుటి పూట వాసన, ఆ దవాఖానలో డాక్టరు ఆమె వయసు అడిగాడు, అరవై తొమ్మిది అంటే, ఇంకేం మరి, అన్నాడు. అదే వైద్యం. చౌరస్తాలో ప్రైవేటు డాక్టరు బలానికి టానిక్కు రాశాడు, బలం వచ్చింది, అప్పటి దాకా వీధి చివరి వరకే పోయేది, టానిక్కు తాగాక బస్టాండు దాకా పోయింది. దర్గాలో తాయెత్తు కట్టారు. పక్కింటి పూలమ్మ దిష్టి తీసింది. పట్నంలో పెద్ద డాక్టరు మాత్రం గంటసేపు చూశాడు, కాగితం మీద ఇంగ్లీషులో ఒక పెద్ద మాట రాశాడు, దానికి అర్థం అడిగితే, మెదడు అరుగుతాందయ్యా, దీనికి మందు లేదు, మనుషులు కావాలె, అన్నాడు. ఇంటికొచ్చి విజయలక్ష్మికి అదే చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండా, "మందుల దుకాన్లు చౌరస్తాల పది ఉన్నయి. మనుషుల దుకాణం ఏడున్నదో అడగకపోయిన్రా?" అంది.

అడిగాడు. అడగకపోవడం ఏమిటి, రెండేళ్ళు అడిగాడు. సలహాలు దొరికాయి. బాదం పప్పు నానబెట్టమన్నారు, పాత పాటలు వినిపించమన్నారు, పని చెప్పమన్నారు, పని చెప్పొద్దన్నారు, తల్లి సేవకు మించినది లేదని అందరూ అన్నారు, ఆ మాట అని గడియారం చూసుకున్నారు. ఒక్క గంట, ఆమె పక్కన ఒక్క గంట కూర్చుంటే విజయలక్ష్మి తలస్నానం చేసి వస్తుంది, అని ఒకసారి పూలమ్మనే అడిగాడు. అయ్యో, దానికేంది బిడ్డా, ఎప్పుడంటె అప్పుడు, అంది. ఎప్పుడంటే అప్పుడు ఆమెకు తీరిక లేదు. విజయలక్ష్మి సొంత తమ్ముడి పెళ్ళికి పోలేదు. జ్వరమని చెప్పారు, మతి లేని అత్త ఉందని పెళ్ళివాళ్ళకు తెలిస్తే రేపు పాపకు సంబంధాలు రావని. పాపకు ఏడేళ్ళు.

మనుషులు దొరికింది ఆమె తప్పిపోయినప్పుడు మాత్రమే. ఎవరో ఒకరు తెచ్చి అప్పగించేవారు. అన్నింటికన్నా మంచి సలహా అప్పుడే వచ్చింది, మళ్ళీ వెంకట్రాజమే. "గిన్నెలకు పేరు కొట్టిస్తం సూడు, గట్ల ఓ బిళ్ళ మీద పేరు, ఇంటి నంబరు కొట్టిచ్చి మెడల ఏసెయ్." సారంగపాణికి కోపం వచ్చింది కానీ ఆలోచిస్తే అందులో తప్పేం కనిపించలేదు. ఈ ఊళ్ళో మనిషి చదువుకున్నాడా, ఉద్యోగముందా, ఏ సంవత్సరం ఇల్లు కట్టాడు, అన్నీ గిన్నెలే చెబుతాయి. పెళ్ళిలో ఇచ్చినా గృహప్రవేశంలో ఇచ్చినా స్టీలు సామాను మీద పేరు కొట్టించకుండా ఎవరూ ఇవ్వరు, ఎవరూ తీసుకోరు. సారంగపాణి ఇంట్లో గరిటెలతో సహా అన్నింటి మీదా పేరు ఉంది. పక్కింటికి పప్పు పోసి పంపిన గిన్నె పదేళ్ళ తర్వాతైనా తిరిగొస్తుంది. గిన్నెలు తప్పిపోవు. బిళ్ళ మాత్రం చేయించలేదు, నలుగురూ చూస్తే ఏమనుకుంటారని. తాడు అయితే ఇంట్లోనే ఉంటుంది, ఎవరూ చూడరు, అందుకని ఆమెను మంచం కోడుకు కట్టారు, పాత చీర చింపి, మెత్తటిది. మెత్తటిది అన్న సంగతి అతను చాలాసార్లు గుర్తు చేసుకుంటాడు.

బెంచీ కింద బుట్ట ఉంది. విజయలక్ష్మి సర్దింది. అవ్వకు మంచి చీర కట్టకే, దిక్కులేని మనిషిలాగ కనపడాలి, అని అతను నాలుగుసార్లు చెప్పాడు. "నలుగుర్లకు పోయే మనిషిని గట్లెట్ల పంపిస్తం?" అంది ఆమె. తలంటింది. నూనె రాసి జడ వేసింది. గోళ్ళు తీసింది. గంజి పెట్టిన చీర కట్టి భుజం మీద పిన్నీసు పెట్టింది. స్టీలు డబ్బాలో పెరుగన్నం పెట్టి పైన తువ్వాలు చుట్టింది. కాజీపేట స్టేషన్లో దిక్కులేకుండా దొరికిన మనిషి పేరంటానికి బయలుదేరినట్టు తయారైంది. గడప దాటేటప్పుడు విజయలక్ష్మి ఆమె కాళ్ళకు దండం పెట్టి లోపలికి పోయింది, మళ్ళీ బయటికి రాలేదు. ఇప్పుడా ముసలామె వంగి బుట్టలో చెయ్యి పెట్టి తువ్వాలు కింద ఏదో తడుముతోంది. పత్తి. ఏరనీ. కనీసం పరాయివాళ్ళ స్వెట్టర్ల జోలికి పోవడం లేదు.

గురువారం సంగతి ఎవరికీ తెలియదు. వెంకట్రాజానికి కూడా చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముంది, ఆడిట్ ఉంది, ఆఫీసు ఫైలు ఇంటికి తెచ్చుకున్నాడు, తేకూడదు, అందరూ తెస్తారు, స్నానం చేసి వచ్చేసరికి ఆమె ఆ ఫైలును నీళ్ళ గోలెంలో ముంచి బట్టలు జాడించినట్టు జాడిస్తోంది, శ్రద్ధగా, కాగితం కాగితం, ఒక్కొక్కటి పిండి తీగ మీద ఆరేస్తోంది. సంతకాలన్నీ నీలం నీళ్ళై ఆమె మోచేతుల మీదుగా కారుతున్నాయి. అతను అరిచాడనుకుంటాడు. అరిచాడు అని మాత్రమే గుర్తు చేసుకోవాలని ఈ నాలుగు రోజులుగా ప్రయత్నం చేస్తున్నాడు. చెంప మీద. చప్పుడు చిన్నదే. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, ఏడవలేదు, తలమీద కొంగు సర్దుకుని, పొలం గట్టు మీద పెద్ద రైతు ముందు నిలబడ్డట్టు నిలబడి, "కొట్టకుండ్రి సారూ. పోతాన," అంది. సారూ అంది. పోయి తలుపు దగ్గర కూర్చుంది, ఎవరైనా గొళ్ళెం తీస్తే వెళ్ళిపోదామని. తీగ మీద కాగితాలు టపటపా కొట్టుకుంటున్నాయి. విజయలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. అతను ఏదో చెప్పబోతే వద్దన్నట్టు చెయ్యి చూపించింది. "ఇయ్యాల మీరు కొట్టిన్రు. రేపు నేను కొడ్త. నాకు ఇప్పటికే రెండుసార్లు చెయ్యి లేచింది, దింపుకున్న. ఎల్లుండి మనల్ని చూసి పాప కొడ్తది. ముగ్గురం అలవాటు పడ్డంక ఇగ ఆపెటోళ్ళు ఉండరు. గంతకు ముందే ఏదన్న తొవ్వ చూడుండ్రి." కోపంగా అనలేదు. కిరసనాయిలు అయిపోవచ్చిందని చెప్పినట్టు చెప్పింది. అందుకే ఇక్కడికి వచ్చాడు. తల్లిని వదిలించుకోవడానికి అని వెంకట్రాజం అనుకుంటున్నాడు, అక్క తెలిస్తే అదే అంటుంది, అననీ. ఈ బెంచీ మీద పని కాకపోతే పన్నెండు గంటల బస్సుకు అదే ఇంటికి, అదే గోలెం దగ్గరికి, అదే చేత్తో పోవాలి.

పాట ఆగింది. ఈసారి నిజంగానే. నడుముకు తాళాల గుత్తి, చేతిలో పొడుగాటి రిజిస్టరు, కళ్ళద్దాలకు నల్లదారం, ఆశ్రమం చూసుకునే సిస్టర్ రత్నం వచ్చి, నిలబడే, రిజిస్టరులోంచి చదువుతున్నట్టు అడిగింది.

"ఈ అవ్వ మీకేమైతది?"

"ఏం గాదు సిస్టర్. కాజీపేట స్టేషన్ల కనపడ్డది. మూడు దినాలాయె. పాపమని ఇంట్ల పెట్టుకున్నం."

"మీ పేరు?"

"మొండయ్య."

రాసుకుంది. రాస్తూనే ఆమె కళ్ళు ముసలామె జడ మీదికి పోయాయి, పిన్నీసు మీదికి, తీసిన గోళ్ళ మీదికి. "మూడు దినాలకే మస్తు చూస్కున్నరు మొండయ్యగారూ," అంది. మెచ్చుకోలు అనుకుని సారంగపాణి వినయంగా తలవంచాడు. సిస్టరు వచ్చి బెంచీ మీద కూర్చుంది, ఇద్దరి మధ్యా ఖాళీలో, సరిగ్గా సరిపోయింది. ముసలామె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. గొంతు పెంచలేదు.

"అవ్వా. ఈ సారెవలు?"

అంటే పరీక్ష ఇక్కడ కూడా ఉంది. రెండేళ్ళు తప్పించుకు తిరిగినవాణ్ణి పట్టుకొచ్చి ముందు బెంచీలో కూర్చోబెట్టారు. తెలియదు అను, అవ్వా, పాలాయన అను, పెద్దన్న అను, ఏదన్నా అను, తెలియదంటే పని అయిపోతుంది, విజయలక్ష్మి తలస్నానం చేస్తుంది, పాపకు చెయ్యి లేవదు, తెలియదు అను. ఆమె అతని వైపు తిరిగింది. చూసింది. ఎంతసేపు చూసిందంటే, అతని మెడ దానంతటదే కొంచెం ముందుకు వంగింది, చిన్నప్పుడు నూనె రాయించుకోవడానికి వంచినట్టు, మొఖం సరిగ్గా కనపడాలని. ఎందుకు వంచాడో అతనికి తెలియలేదు.

"సారు," అంది ఆమె. "మావోడు ఆఫీసుకు పోయిండు. వచ్చి తోల్కపోతడు. గా దాక ఈ సారు కూసోబెట్టుకున్నడు."

"మీవోని పేరేందవ్వా?"

పెదాలు కదిలాయి. పేరు వస్తున్నట్టే ఉంది, రాలేదు. ఇంకోసారి కదిలాయి. అప్పుడు ఆమె వంగి బుట్టలోంచి తువ్వాలు చుట్టిన డబ్బా తీసి, చుట్టు విప్పి, సిస్టరు ఒడిలో పెట్టి, మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాల మీద వేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జరిపింది. పత్తి కాదు. చదువు రాని మనిషి, ఉద్యోగం వచ్చిన ఏడు పట్టుబట్టి బి.ఎ. కూడా కొట్టించి, వాడలో ఆడవాళ్ళందరికీ ఇలాగే వేలు పెట్టి చూపించింది. "గిదీ. గిది మావోని పేరు."

సిస్టరు అద్దాలు సర్దుకుని చదివింది. "పి. సారంగపాణి, బి.ఎ."

సారంగపాణి లేచి నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు, పేరు పిలిస్తే లేస్తాడు. లేచాక మళ్ళీ కూర్చోవడం ఎలాగో వెంకట్రాజం డ్రాఫ్టులో లేదు.

"కూసోండ్రి సారంగపాణిగారూ," అంది సిస్టర్ రత్నం. నవ్వలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. "కొడుకున్నోళ్ళను మేము పెట్టుకోము. ఎవ్వల్లేరని రాసిస్తె పెట్టుకుంట, అబద్ధమైనా నాకు కాగితం చాలు. గని మల్ల చూడనీకి రావొద్దు. ఎవ్వలు లేనోళ్ళను చూడనీకి ఎవ్వలొస్తరు?"

అతను ఆలోచించలేదంటే అబద్ధం. బయట రోడ్డు మీద ఒక లారీ వచ్చి, దాటి, చప్పుడు పూర్తిగా పోయేంతసేపు ఆలోచించాడు. ముసలామె అక్షరాల మీద వేలు జరుపుతూనే ఉంది. సిస్టరు చాచిన పెన్ను అతను అందుకోలేదు.

"ఇంట్ల ఎవలు చూస్తరు ఈమెను?"

"నా భార్య."

"ఆమెను ఎవలు చూస్తరు?"

రెండేళ్ళలో బ్రెడ్డు ప్యాకెట్లు తెచ్చినవాళ్ళెవరూ అడగని ప్రశ్న. సిస్టరు రిజిస్టరు మోకాలి మీద తెరిచింది. "బుధారం బుధారం తోల్కరాండ్రి. పొద్దుగాల తెచ్చి పొద్దుమీకంగ తీస్కపోండ్రి. మా కాడ గింజలు తీస్తది, ఏరుడు ఆమెకు వచ్చినట్టే ఉన్నది. గా ఒక్క దినం మీ ఇంటామెను నిద్రపోనీయుండ్రి. దీనికి రూలేం లేదు. ఇప్పటిదాక ఎవ్వలడగలే, గంతే." ఈసారి పెన్ను అతని చేతిలో పెట్టింది. "గా మొండయ్య పేరు కొట్టేసి మీది రాయుండ్రి. ఏమైతరో గూడ."

మొండయ్యను కొట్టేశాడు. తన పేరు రాశాడు, అలవాటు కొద్దీ బి.ఎ. కూడా రాశాడు. సంబంధం అన్న గడిలో కొడుకు అని రాయడానికి అన్నింటికన్నా ఎక్కువసేపు పట్టింది. ఏడు దినాల్లో ఒక దినం. మిగతా ఆరింటికీ ఆ ఇల్లే, ఆ చెయ్యే. అయినా ఊరంతా సలహాలిస్తే, దినం ఇచ్చింది ఈమె ఒక్కతే, అదీ అతను అబద్ధమాడి పట్టుబడ్డాక.

రోడ్డు పక్క మోరీ గోడ మీద కూర్చున్నారు. ఈసారి ఖాళీ అతను వదల్లేదు. ఆమె వదిలింది, తెలియని మగమనిషి పక్కన కూర్చునేటప్పుడు వదలాల్సినంత. డబ్బా ఒడిలో పెట్టుకుంది.

"ఎటు పోతానం సారూ?"

"మీ కొడుకింటికి."

"మావోడు ఎరికేనా మీకు?"

నేను పాపను అన్నంత తేలిగ్గా చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది. డబ్బా మూత ఎండకు మెరుస్తోంది.

"మొఖం ఎరికే అవ్వా," అన్నాడు సారంగపాణి. "అంత పరిచయం లేదు."

"రాండ్రి, కలుపుత," అంది ఆమె ధైర్యం చెబుతున్నట్టు. "మస్తు మంచోడు. ఎవ్వల మీద చెయ్యి లేపడు."

ఘన్‌పూర్ వైపు నుంచి బస్సు వస్తోంది. ఇక్కడ స్టాపు లేదు, చెయ్యి ఎత్తితేనే ఆపుతాడు. ఎత్తడానికి అతనికి కొంచెంసేపు పట్టింది.